మూడు పాయలు: తెలుగింట ఆడపిల్ల జడ

'జడ' అన్న తెలుగు మాటను వైయాకరణులు సంస్కృత 'జటా' శబ్దానికి వికృతిగా చెబుతారు. ఈ వ్యుత్పత్తిలో ఒక చిన్న విడ్డూరమున్నది. జట అనగా నూనె ముట్టక, దువ్వెన తగలక, ఏండ్ల తరబడి అట్టకట్టిన తాపసుల తలవెంట్రుకలు. సంసారాన్ని విడిచిపెట్టినవారి గుర్తు అది. దాని నుంచి వచ్చిన జడ మాత్రం ప్రతిదినం విప్పి, చిక్కు తీసి, నూనె పట్టించి, పాపిట తీర్చి, మరల అల్లవలసిన అచ్చమైన సంసారపు పని. రాజుల శాసనాలలోను, యుద్ధాల వర్ణనలలోను ఈ పనికి చోటు దొరకలేదు. అయినా ఇంటింటా, తరతరాలుగా, బహుశా వంట తరువాత అంత క్రమం తప్పక జరిగిన పని మరొకటి లేదు. దానిని చేసినవారిలో అత్యధికులు తమ పేరైనా వ్రాయనేర్వని స్త్రీలు కావడం వల్ల దాని చరిత్రను ఆచారాల నుంచి, మాటల నుంచి, పనిముట్ల నుంచి ఏరుకోవలసి వస్తున్నది.

బిడ్డ తలకట్టుతో కుటుంబానికి గల సంబంధం బిడ్డ పుట్టకముందే మొదలవుతుంది. సీమంతం అంటేనే పాపిట. గృహ్యసూత్రాలు విధించిన సీమంతోన్నయనంలో భర్త గర్భిణి అయిన భార్య పాపిటను ఏదుపంది ముల్లుతోను, దర్భలతోను, మేడికాయల గుత్తితోను పైకి తీరుస్తాడు. నేటి సీమంతాలలో గాజులూ పూలూ మిగిలాయి గాని ఏదుముల్లు చాలా ఇండ్లలో కనుమరుగైనది. బిడ్డ పుట్టిన మొదటి ఏటనో మూడవ ఏటనో పుట్టువెంట్రుకలు తీయిస్తారు. తిరుమల, సింహాచలం, యాదగిరిగుట్ట, వేములవాడ వంటి క్షేత్రాలకో, ఊరి ఇలవేలుపు గుడికో ఆ తొలి జుట్టు చెల్లుతుంది. మేనమామ ఒడిలో కూర్చుండబెట్టి తీయించడం పలుచోట్ల ఆచారం. ఆ గుండు మీద తిరిగి మొలిచినదే జడకు నారు. అది చెవుల దాకా ఎదగగానే నడినెత్తిన ఒక పిలక, ఆపై చెవికొక పిలక. బెత్తెడైనా లేని ఆ తొలి అల్లికకు నల్లదారం చేర్చి, చివర కుచ్చులు కట్టి, దానిని జడగా భావించుకొని సంతోషించడం పిల్లకన్న తల్లికి ఎక్కువ ముచ్చట.

జడ వేయడానికి వేళ ఉన్నది. దీపాలు పెట్టిన తరువాత తల విప్పరాదన్నది తెలుగిండ్లలో గట్టి కట్టుబాటు. జ్యేష్ఠాదేవి పేరు చెప్పి పెద్దలు దానిని నిలిపారు. ఆముదపు దీపం వెలుగులో రాలిన వెంట్రుక కంటికానదు, అది పోయి అన్నంలోనో పాలలోనో పడుతుంది. ఈ లౌకిక కారణం చాలదనుకున్నచోట దేవత అవసరమైనట్లున్నది. కనుక సాయంకాలం, ప్రొద్దు వాలకముందు, వీధి అరుగు మీదనో పెరటి గడప దగ్గరనో ఈ కార్యక్రమం సాగేది. పెద్దావిడ మెట్టు పైన, పిల్ల క్రింది మెట్టు మీద. తల్లికి పొయ్యి దగ్గర పని తెమలదు గనుక చాలా ఇండ్లలో ఈ బాధ్యత నాయనమ్మకో, అమ్మమ్మకో, మేనత్తకో దక్కేది. పిల్ల కదలకుండా కూర్చోవాలి గనుక కథలు చెప్పడానికి, లెక్కలు అప్పగించుకోవడానికి, తిథివార నక్షత్రాలు వల్లె వేయించడానికి కూడా అదే సమయమైనది.

చిక్కు తీయడంలో ఒక పద్ధతి ఉన్నది. తెలియనివారు కుదుళ్ళ నుంచి దువ్వుతారు, దానితో చిక్కు క్రిందికి జారి ముడిపడుతుంది, పిల్ల ఏడుస్తుంది. తెలిసినవారు జుట్టును ఒక చేత నడుమ బిగించి పట్టుకొని, కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వస్తారు. పట్టిన చేయి లాగుడును ఆపుతుంది గనుక నొప్పి తలకు చేరదు. ముందు వెడల్పు పండ్ల దువ్వెన, తరువాత సన్న పండ్లది. ఆపైన పాపిట, అటుపైన మూడు పాయలు. కుడిపాయ నడిమిదాని మీదుగా, ఎడమపాయ మరల నడిమిదాని మీదుగా. ఇంతే సూత్రం. జడకోలాటంలో పైనుంచి వేలాడే తాళ్ళను పట్టుకొని ఆటగాండ్రు అడుగుల లెక్కన అల్లేదీ, వెనుకకు అడుగులు వేసి విప్పేదీ ఈ సూత్రాన్నే. ఊరి ఆటలో పలువురు కలిసి చేసే లెక్కను ఇంటి గడపలో రెండు చేతులు ఒంటరిగా చేస్తాయి.

నూనె విషయంలో శాస్త్రమూ ఆచారమూ ఒకే మాట మీద ఉన్నాయి. అభ్యంగనం నిత్యకృత్యం కావాలనీ, తలకు, చెవులకు, పాదాలకు విశేషంగా చేయాలనీ వాగ్భటుని అష్టాంగహృదయం విధించినది. తలకు నిత్యం నూనె పెట్టేవారికి తలనొప్పి, బట్టతల, అకాలపు నెరుపు రావని చరకసంహిత చెప్పినది. అయితే ఏ నూనె అన్నది శాస్త్రం కన్న నేల నిర్ణయించినది. కోనసీమలో కొబ్బరినూనె, ఆముదపు పంట విస్తారంగా గల నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఆముదం, తక్కినచోట్ల నువ్వులనూనె. ఆముదం చిక్కనిది, ఒక పట్టాన వదలదు, దుమ్మును పట్టుకుంటుంది. కాని దానితో అల్లిన జడ రెండు మూడు దినాలు చెదరదు. తెల్లవారకముందే కూలికి పోవలసిన తల్లికి ఈ గుణం ఎంత అక్కరకు వచ్చినదో ఊహించవచ్చు. నూనె కొనలేని ఇండ్లలో పిల్లల తలలు ఎర్రబారి, రేగి ఉండేవి. చింపిరి జుట్టు అన్న ఎత్తిపొడుపు నిజానికి పిల్ల మీద వేసినది కాదు, ఆ ఇంటి నూనెసీసా మీద వేసినది.

తలంటు మరొక ఘట్టం. కుంకుడుకాయలను రాతి మీద చితకగొట్టి, గింజ తీసి, వేడినీళ్ళలో నానబెట్టి పిసికితే నురుగు వస్తుంది. ఆ కాయ పెంకులోని సపోనిన్ అనే పదార్థం సబ్బు చేసే పనినే చేస్తుంది. కండ్లలో పడితే మాత్రం మంట భరించరానిది. అందుకు విరుగుడుగా తలంటే ముందు పిల్ల నోట్లో ఒక ఉప్పుకల్లు వేసేవారు. ఉప్పు మంటను ఆపుతుందో లేదో గాని, నోరు మూసుకొని ఉండడానికీ, మనసు రుచి మీదకు మళ్ళడానికీ పనికివచ్చేది. జిడ్డు వదలడానికి శీకాయ, మెత్తదనానికి మందారాకు, ఒంటికి సున్నిపిండి, ఆరబెట్టడానికి బుట్ట క్రింద సాంబ్రాణి పొగ. ఉగాదికి, నరక చతుర్దశికి, భోగికి తెల్లవారుజామున తలంటు తప్పనిసరి. ఒక పిల్ల నడుము దాటిన జుట్టును నూనె వదిలేలా కడగడానికి రెండు మూడు పెద్ద బిందెల వేడినీళ్ళు కావాలి. నీరు తోడినదీ, మోసినదీ, కాచినదీ ఆ ఇంటి ఆడవారే. 1983లో తమిళనాడులోని కడలూరు నుంచి చిక్ షాంపూ పొట్లాలు బయలుదేరి, కొద్దికాలంలోనే పల్లె కిరాణా కొట్ల ముందు దండలుగా వ్రేలాడినప్పుడు, కుంకుడుకాయ ఓడిపోయినది సువాసనకు మాత్రమే కాదు. పొట్లం చించితే చాలు, కాయలు కొట్టే పని లేదు. ఆ సౌలభ్యాన్ని చిన్నచూపు చూడడం, కాయలు కొట్టని వారికి మాత్రమే సాధ్యం.

పేల సంగతి చెప్పకుండా పిల్లల తలల చరిత్ర పూర్తి కాదు, సాహిత్యం దానిని ఎంత దాటవేసినా. ఎండలో పిల్లను ముందు కూర్చుండబెట్టుకొని, సన్నని పండ్ల పేలదువ్వెనతో తెల్లని గుడ్డ మీదకు దువ్వి, ఈపిని గోళ్ళ మధ్య చిదమడం మధ్యాహ్నపు పని. వరుసగా నలుగురు స్త్రీలు ఒకరి వెనుక ఒకరు కూర్చొని పేలు చూసుకోవడం పల్లె అరుగుల మీద సాధారణ దృశ్యం. ఊరి వార్తలన్నీ ఆ వరుసలోనే నడిచేవి. వేపాకు ముద్ద, వేపనూనె పట్టించేవారు. సీతాఫలం గింజల పొడిని పేలకు మందుగా వాడే అలవాటు కూడా ఉండేది. అది పేలను చంపే మాట నిజమే గాని, కంట పడితే నల్లగుడ్డు పై పొరను దెబ్బతీస్తుందని నేత్రవైద్యులు నమోదు చేశారు. ఇంటివైద్యమంతా నిరపాయకరమన్న భావన ఇక్కడ చెల్లదు. అట్లే బిగింపు విషయం కూడా. కండ్లు పైకి లాగుకుపోయేలా బిగించి అల్లితేనే జడ అనిపించుకుంటుందన్న పట్టుదల చాలామంది పెద్దవారికి ఉండేది. ఎల్లకాలం లాగుడుకు గురైన కుదుళ్ళు నుదుటి అంచున, కణతల వద్ద రాలిపోతాయని వైద్యం 1907లోనే, గ్రీన్‌లాండు స్త్రీల సిగలను చూసి, గుర్తించినది.

రాలిన వెంట్రుకలూ వృథా కాలేదు. దువ్వెనకు వచ్చినదాన్ని వేలికి చుట్టి, ఉమ్మి, చూరులో దోపేవారు. ఉమ్మడం దిష్టికి, దోపడం సవరానికి. సవరము అన్న మాట చమరీమృగం పేరు నుంచి వచ్చినది. మొదట ఆ మృగపు తోకవెంట్రుకలతో చేసినదే సవరం. కాలక్రమంలో తల్లి, అక్క, పిన్ని రాల్చిన వెంట్రుకలు కలిసి చిన్నపిల్ల జడకు పొడుగునిచ్చాయి. సవరాలు కట్టేవారు ఊరూరా తిరిగి, చిక్కు వెంట్రుకలు తీసుకొని, బదులుగా పిన్నులో, బుడగలో, గిన్నెలో ఇచ్చేవారు. అదే సరకు నేడు విదేశాల విగ్గుల పరిశ్రమకు పోతున్నది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం వేలం వేయడం అందరికీ విదితమే.

జడ ఇంటి పని స్థాయిని దాటి కళగా మారే రోజులు వేసవిలో వస్తాయి. మల్లెలు విరివిగా, చవకగా దొరికే ఆ రెండు నెలలలో ఆడపిల్లకు పూలజడ వేయడం తెలుగువారికీ తమిళులకూ సమానమైన వేడుక. అరటిపట్టపై మొగ్గలను వరుసలుగా కుట్టి, నడుమ కనకాంబరాలు, అంచున మరువం, దవనం చేర్చి జడకు తాపడం చేస్తారు. మొగలిరేకులను మడిచి కుట్టినవీ ఉండేవి, వాటి పరిమళం మరునాటికీ దిండును వదలదు. నెత్తిన రాగిడి, పాపిటకిరువైపుల సూర్యచంద్రులు, జడ పొడుగునా బిళ్ళలు, కొసన జడగంటలు. ఇన్నింటి బరువుతో మెడ తిప్పలేక ఆరేళ్ళ పిల్ల రోజంతా నిటారుగా కూర్చోవలసి వచ్చేది. పట్టణాలలో ఫోటో స్టూడియోలు వెలసిన తరువాత ఈ వేడుకకు ఒక కొత్త అంకం చేరినది. పిల్లను అద్దం ముందు నిలబెట్టి, ముఖమూ వెనుక జడా ఒకే పటంలో వచ్చేలా ఫోటో తీయించేవారు. ఇరవయ్యవ శతాబ్దపు తెలుగు మధ్యతరగతి ఇండ్లలో గోడకు వ్రేలాడిన నలుపు తెలుపు పటాలలో ఇది తప్పనిసరి. జడ వేసిన చేతులు మాత్రం ఆ పటంలో ఎక్కడా కనబడవు.

కూచిపూడి భాగవతులకు జడ ఒక పాత్ర వంటిది. సిద్ధేంద్రయోగి పేర ప్రసిద్ధమైన భామాకలాపంలో సత్యభామ ముఖం చూపకముందే తెర మీదుగా జడను ముందుకు వేస్తుంది. విద్యలో తనను ఓడించగలవారుంటే ఆ జడ కోసి ఇస్తాననే సవాలు అందులో ఉన్నదని సంప్రదాయజ్ఞులు చెప్పుకుంటారు. ఆ వేషం కట్టినవారు పురుషులు కావడం, వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) వంటివారు అందులోనే కీర్తి గడించడం గమనార్హం. అంటే ఆ ఊరి కుటుంబాలలో మగపిల్లలకూ చిన్ననాడే సవరం బరువు, జడ నడక అలవడినవి. మగపిల్లల జుట్టు ఇంటి పని కావడానికి దేశంలో మరొక పెద్ద ఉదాహరణ సిక్కు కుటుంబాలు. 1699 నాటి ఖాల్సా సంప్రదాయం కేశంతోపాటు కంఘాను, అనగా దువ్వెనను, విధించినది. బడికి పోయే పిల్లవాని జుట్టును ప్రతి ఉదయం దువ్వి, నడినెత్తిన జూడా చుట్టి, పట్కా కట్టడం అక్కడ తల్లుల దినచర్య. తెలంగాణ తండాలలో లంబాడీ స్త్రీలు చెంపల వెంట దించిన పాయలకు వెండి ఘుగ్రి, టోప్లీలు తగిలిస్తారు. అవి పెండ్లి అయినదానికి గుర్తు.

జడకు గుర్తు అన్న హోదా రాగానే దానిలో నీడ కూడా ప్రవేశించినది. సంస్కృత కవులకు వేణి కేవలం అలంకారం కాదు, స్త్రీ స్థితికి సూచిక. అశోకవనంలో సీత ఏకవేణి. ఆ వేణినే ఉరిత్రాడుగా చేసుకోవాలనుకున్న ఘట్టం వాల్మీకి సుందరకాండలో ఉన్నది. మేఘసందేశంలో యక్షుని భార్య కూడా భర్త వచ్చి విప్పేదాకా ఒంటిజడ విప్పనిది. భట్టనారాయణుని వేణీసంహారంలో ద్రౌపది విడిన కురులు యుద్ధకారణం, తిక్కన ఉద్యోగపర్వంలో ఆమె ఆ కురులనే కృష్ణునికి చూపుతుంది. పురుషుడు ఉన్నాడా, దూరమయ్యాడా, పోయాడా అన్నది ఆమె తల చెప్పాలి. ఈ భావన కావ్యాలలో కరుణరసమైనది, ఇండ్లలో మంగలికత్తి అయినది.

బాల్యవివాహాలు పరిపాటి అయిన పందొమ్మిదవ శతాబ్దంలో, అగ్రవర్ణ కుటుంబాలలో, ముఖ్యంగా బ్రాహ్మణులలో, మొగుడెవరో సరిగా ఎరుగని పిల్ల వితంతువు కావడం అరుదు కాదు. కొన్ని కుటుంబాలు పిల్ల ఈడేరేవరకు కేశఖండనాన్ని వాయిదా వేసేవి. ఆ వాయిదా కాలంలో తల్లి చేసిన పనిని తలచుకుంటే చాలు. పూలు పెట్టకూడదు, కాని చిక్కు తీయాలి. నూనె రాయాలి, పాయలు తీయాలి. పెంచుతున్నది ఒకనాడు తీయించడానికేనని తెలిసి అల్లాలి. ఇతర కులాలలో మారుమనువు చెల్లుబాటు కావడం వల్ల ఈ దుస్థితి అంతగా లేదు. అగ్రవర్ణాల ఆచారమే గొప్పతనమని భ్రమించి కొన్ని కుటుంబాలు దానిని అనుకరించిన తరువాత అక్కడా వ్యాపించినది.

1856 నాటి చట్టం వితంతువు పునర్వివాహాన్ని న్యాయసమ్మతం చేసినా, తెలుగునాట మొదటి వితంతు వివాహం జరగడానికి మరి పాతికేళ్ళు పట్టినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన ఆ పెండ్లిలో వధువు బాలవితంతువు. 1890లో బొంబాయిలో, ఫూలే అనుయాయి అయిన నారాయణ మేఘాజీ లోఖండే చొరవతో, వితంతువుల తలలు గొరగరాదని క్షురకులు నిర్ణయించుకున్నారు. ఈ దేశపు శ్రామికోద్యమ చరిత్రలో ఇంతకన్న హృద్యమైన పనినిలుపుదల మరొకటి కానరాదు. కత్తి పట్టవలసినవాడు కాదన్న తరువాత శాస్త్రం చెప్పేవాడు తానే కత్తి పట్టాలి గదా. 1929లో శారదా చట్టం బాలిక వివాహ వయస్సును 14 ఏండ్లుగాను, 1978 సవరణ 18 ఏండ్లుగాను నిర్ణయించినవి. చట్టాలు ఎంతవరకు అమలైనవన్నది వేరు సంగతి. కాని పెండ్లి వయసు పెరిగే కొద్దీ జడ కుచ్చుల వయసూ పెరిగినది, అది బడి వయసుతో కలిసినది.

బడి ఒంటిజడను రెండు జడలుగా చీల్చినది. చెవుల వెనుక మొదలై, కొసన రిబ్బనుతో మడిచి కట్టిన రెండు జడలు ఉన్నత పాఠశాల బాలిక రూపానికి పర్యాయపదమైనవి. ఎరుపో నలుపో తెలుపో, రిబ్బను రంగు బడి నిర్ణయిస్తుంది. సాయంకాలపు అరుగు పని ఉదయపు హడావుడిగా మారినది. ఎనిమిదింటి బస్సు అందుకోవలసిన ఇంట్లో కథలకు వ్యవధి లేదు. జడలు సరిగా లేవని ప్రార్థన వరుసలో నిలిపివేసిన పిల్లల విషయంలో ఉపాధ్యాయులు ఒక సంగతి గమనించినట్లు లేదు. రెండు జడలకు సమానమైన పాపిట తనంత తానుగా వెనుక తీసుకోవడం పెద్దవారికే కష్టం. ఇంట మరొకరి చేయి ఉన్న పిల్లకే ఆ క్రమశిక్షణ సాధ్యం. తల్లి వలస పోయిన పిల్లకు, తల్లి లేని పిల్లకు అది తీరని జరిమానా.

ఆ మరొకరి చేయి లేని చోట ప్రభుత్వం ఆ స్థానంలో నిలవవలసి వచ్చినది. సంక్షేమ వసతిగృహాల పద్దులలో 'కాస్మెటిక్ చార్జీలు' అనే శీర్షిక ఉన్నది. పేరు సొగసుగా ఉన్నా అందులో ఉన్నది తలనూనె, సబ్బు, షాంపూ, మగపిల్లలకైతే క్షౌరం. ఏళ్ళ తరబడి మారని ఆ మొత్తాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 చివరలో పెంచినది. మూడు నుంచి ఏడు తరగతుల బాలికలకు నెలకు 55 రూపాయలుగా ఉన్నది 175 రూపాయలైనది. వాగ్భటుడు నిత్యం అన్న అభ్యంగనానికి ప్రభుత్వ లెక్కలో దొరికిన వెల అది. నూనెకు పద్దు ఉన్నది గాని నీటికి పద్దు చాలదు. 2019 ఆగస్టులో తెలంగాణలో ఒక బాలికల గురుకులంలో నీటి ఎద్దడి కారణంగా పెద్దసంఖ్యలో విద్యార్థినుల జుట్టు కత్తిరించారన్న వార్త వెలువడినది. పిల్లలను చూడవచ్చిన తల్లిదండ్రులు నివ్వెరపోయి నిరసన తెలిపారు. బోరు ఎండినప్పుడు పొదుపు చేయవలసిన వాటిలో పిల్లల జడలు ముందు వరుసలో నిలవడం అధికారులు ఆలోచించవలసిన విషయం. పొట్టి జుట్టు తప్పు కాదు. కోరుకున్న పిల్లకు అది హాయి కూడా. ఇంటివారినీ, పిల్లనూ అడగకుండా కత్తెర వేయడం వేరు. అటువంటి చోట జరిగిన పనికి మునుపటి తరాల తెలుగు తల్లులకు వేరే అర్థం తెలుసు.

ఈ వసతిగృహాలలో ఆదివారం ఉదయం తలంటు అయిన తరువాత పిల్లలు ఎండలో వరుసగా కూర్చుంటారు. పదో తరగతి పిల్ల ముందు ఎనిమిదో తరగతి పిల్ల, ఆ పిల్ల ముందు ఐదో తరగతిది, అన్నిటికన్న ముందు నిరుడు వచ్చి చేరిన చిన్నది. ఒకరి చేతిలో మరొకరి జుట్టు. ఎవరూ నేర్పకుండానే వారు దువ్వెనను కొసల నుంచి మొదలుపెడతారు. వరుసలో చివరనున్న పెద్దపిల్ల జడ వేయడానికి, ముందున్నవారిలో పని ముగిసిన పిల్ల ఒకతె లేచి వెనుకకు నడుస్తుంది.